పేషెంట్ కేర్ పనిలో చేరేముందు ఏం చూసుకోవాలి? ఆయమ్మలు, వార్డు బాయ్‌లు, హోమ్ కేర్ చేసేవాళ్ళు చెప్పండి

పల్నాటి శ్రీను:
నమస్కారమండీ. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మా వదినకి హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో పేషెంట్ కేర్ పని ఇప్పిస్తామని ఏజెన్సీ వాళ్ళు ఊరికొచ్చి చెప్పారు. అన్నయ్య లేడు. పిల్లలిద్దరూ హాస్టల్లో చదువుతున్నారు. మిరప కోతలకి పోయేకంటే నెల జీతం నయమని ఆమె ఆలోచన. జీతం 15,000. పన్నెండు గంటల డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. వారానికో రోజు సెలవు. యూనిఫాంకి, రిజిస్ట్రేషన్‌కి అని 5,000 ముందే కట్టమంటున్నారు. పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ వాళ్ళ దగ్గరే పెట్టాలంట. నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు మంచంలో అన్నీ ఆమే చూసింది, పనికి వెనకాడే మనిషి కాదు. ఆస్పత్రి లోపల ఎలా ఉంటుందో మాత్రం మాకెవరికీ తెలియదు. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

సరోజక్క, హైదరాబాద్:
శ్రీను తమ్మీ, నేను చేసేది ఇదే పని. ముందుగాల రెండు మాటలు. ఆ 5,000 కట్టకుండ్రి. ఒరిజినల్ సర్టిఫికెట్ ఎవ్వరికీ ఇయ్యకుండ్రి, జిరాక్స్ చాలు. ఒరిజినల్ పెట్టుకున్నోళ్ళు మనం మానేస్తమంటే ఆ కాగితం చూపిచ్చి బెదిరిస్తరు. మాతోని చేసిన ఒక శ్రీకాకుళం పిల్లకు అట్లనే అయింది. నెల జీతం వదులుకుంటేనే కాగితం చేతికిచ్చిన్రు.

ఇగ పని సంగతి. పొద్దుగాల ఎనిమిదింటికి ఎక్కంగనే రాత్రి ఆయమ్మ దగ్గర మంచం మంచానికి అప్పగింత తీసుకుంటం. ఎవరికి మోషన్ అయింది, ఎవరి యూరిన్ బ్యాగ్ నిండింది, ఎవరి వీపు మీద ఎర్రగ అయింది, ఎవరు రాత్రంత నిద్రపోకుండ గొట్టాలు పీకేసుకుంటున్నరు. సిస్టర్ల అప్పగింత కాగితం మీద ఉంటది, మాది నోటితోని. ఆ ఎర్రమచ్చ సంగతి నోటితోని చెప్పుడు మర్చిపోతే నాలుగు రోజులకు పుండయితది.

అటెన్క ఒళ్ళు తుడుసుడు, డైపర్లు మార్సుడు, బెడ్‌షీట్లు, జుట్టు దువ్వుడు, తినలేనోళ్ళకు తినిపిచ్చుడు. స్కానింగ్‌కు, ఎక్స్‌రేకు స్ట్రెచర్ మీద తీస్కపోవుడు. ల్యాబ్‌కు శాంపిళ్ళు. నడుమల ఎవరో పిలుస్తనే ఉంటరు. బరువున్న మనిషిని పక్కకు తిప్పాల్నంటే ఇద్దరు కావాలె, రాత్రి పూట వార్డుకు ఒక్కరే ఉంటరు. మనిషి పోయినంక ఒళ్ళు తుడిచి, ముక్కుల దూది పెట్టి, దవడ కట్టి, కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టి, పేరు చీటీ కట్టేది కూడ మేమే. ఇంటోళ్ళు పక్కన ఏడుస్తుంటరు. వాళ్ళు చూస్తుంటే ఆ ఒంటిని ఎట్ల ముట్టుకోవాలె, ఎట్ల తిప్పాలె అనేది ఎవ్వరు నేర్పరు. నేను పెద్ద ఆయమ్మ పక్కన నిలవడి నేర్చుకున్న.

మీ వదినను ఇవి అడగమను: ఆడోళ్ళకు బట్టలు మార్చుకునే గది ఉన్నదా? అన్నం తినే జాగ ఉన్నదా? రాత్రి కూసునేటందుకు కుర్చీ ఇస్తరా? మా దగ్గర ఇదివరకు మెట్ల కిందనే తినేటోళ్ళం. కుర్చీల కూసున్నట్టు కెమెరాల కనవడితే సూపర్‌వైజర్ ఫోన్ చేసేటోడు. ఇంకోటి, రూము బస్సు దొరికే కాడ చూసుకోవాలె. 2023 డిసెంబర్‌ల ఆడోళ్ళకు ఫ్రీ బస్సు అచ్చినంక మాకు నెలకు మిగిలే ఆ పైసలే జీతం పెరిగినట్టయింది. కంపెనీ అయితే రూపాయి పెంచలే.

లెక్కల రాంబాబు, విశాఖపట్నం:
నేను కార్మిక సంఘం ఆఫీసులో పీఎఫ్, ఈఎస్ఐ దరఖాస్తులు రాసి పెడుతుంటాను. శ్రీను గారూ, 15,000 అని వాళ్ళు చెప్పినదానికి అర్థం రాయించుకోండి. 15,000 మొత్తం మీద పీఎఫ్ కట్టారనుకుంటే, కార్మికురాలి వాటా 12 శాతం, అంటే 1,800. ఈఎస్ఐ వాటా 0.75 శాతం, అంటే 113. చేతికి 13,087 రావాలి. యజమాని తన వైపు నుంచి పీఎఫ్‌కి ఇంకో 12 శాతం, ఈఎస్ఐకి 3.25 శాతం వేరేగా కట్టాలి. చాలా ఏజెన్సీలు ఆ యజమాని వాటాని కూడా అదే 15,000లోంచి లాగేస్తాయి. అప్పుడు చేతికొచ్చేది 10,800 దగ్గర. ‘మీ డబ్బే కదమ్మా, మీ పీఎఫ్‌లోకే పోతోంది’ అని చెబుతారు. అది తప్పు. యజమాని వాటాని కార్మికుల జీతంలోంచి కోయడానికి చట్టం ఒప్పుకోదు.

పన్నెండు గంటల చొప్పున 26 రోజులంటే 312 గంటలు. 15,000ని దానితో భాగిస్తే గంటకి 48 రూపాయలు. వారానికి 48 గంటల పని అని చట్టం అంటుంటే ఇక్కడ 72 అవుతున్నాయి. మిగతా 24 గంటలకి ఓవర్‌టైం కింద రెట్టింపు రావాలి. ఇచ్చే ఏజెన్సీని నేను చూడలేదు. కానీ డ్యూటీ రోస్టర్‌ని ప్రతి నెలా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే లేబర్ ఆఫీసులో అడగడానికి ఆధారం ఉంటుంది. మేం గెలిచిన కేసులన్నీ రోస్టర్ ఫొటోల మీద గెలిచినవే.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. నెల జీతం వచ్చే నెల 7వ తేదీ లోపల పడాలి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న ఆస్పత్రే ఇవ్వాలి. ఈ చివరిది కొత్తదేం కాదు, 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే ఉంది. అందుకే నియామక పత్రంలో ఆస్పత్రి పేరు ఉండేలా చూసుకోండి. ఏజెన్సీ పేరు ఒక్కటే ఉంటే రేపు ‘ఆమె ఎవరో మాకు తెలియదు’ అంటారు.

కృష్ణాతీరం సిస్టర్:
నేను విజయవాడలో స్టాఫ్ నర్సుని. సరోజక్క చెప్పిందంతా నిజం. నేను ఇంకో వైపు నుంచి చెబుతాను, మీ వదిన ఉద్యోగానికీ, ఒంటికీ ఇది చాలా ముఖ్యం.

ఆయమ్మలు చేయకూడని పనులు ఉన్నాయి. ఇంజెక్షన్ ఇవ్వడం, సెలైన్ సీసా మార్చడం, సక్షన్ చేయడం (గొంతులో కఫం మెషీన్‌తో లాగడం), ముక్కు గొట్టంలోంచి మందులు, ఫీడ్ (పాలలాంటి ఆహారం) పోయడం. మా భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆస్పత్రిలో ఐదుగురు రోగులకి ఒక నర్సు ఉండాలి, బోధనాస్పత్రిలో ముగ్గురికి ఒకరు. నేను చేసిన వార్డుల్లో ఎక్కడా అలా లేదు. మాకు చేతులు చాలనప్పుడు ‘అమ్మా, కాస్త ఆ ఫీడ్ పోసెయ్’ అంటాం. పేషెంట్‌కి ఊపిరితిత్తుల్లోకి పాలు పోతే మాత్రం రికార్డులో ఆమె పేరే వస్తుంది. మర్యాదగా ‘సిస్టర్, నాకు నేర్పలేదు, మీరు పక్కనుంటే పట్టుకుంటాను’ అనమనండి. మంచి సిస్టరెవరైనా ఆ మాటకి కోప్పడదు.

రెండోది సూదులు. వార్డులో సూది గుచ్చుకునేది మాకే కాదు, చెత్త ఎత్తేవాళ్ళకీ, దుప్పట్లు తీసేవాళ్ళకీ. మేం వాడి దుప్పట్లో వదిలేసిన సూది వాళ్ళ వేలికి దిగుతుంది. గుచ్చుకుంటే పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. సబ్బుతో పారే నీళ్ళ కింద కడిగి వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పి రాయించాలి. హెచ్ఐవీ రాకుండా మందులు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి. అసలు ఎక్కువ భయపడాల్సింది హెపటైటిస్ బి గురించి. టీకా లేనివాళ్ళకి అది సూదితో చాలా తేలిగ్గా అంటుకుంటుంది. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల్లో ఈ చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ఆస్పత్రే వేయించాలని ఉంది. చేరినప్పుడు ఒకసారి, తర్వాత ఏటా ఒకసారి శిక్షణ, ఆరోగ్య పరీక్ష ఉండాలనీ ఉంది. కాంట్రాక్టు మనుషులని పక్కన పెట్టడానికి వీల్లేదు.

హన్మకొండ వేణు:
అందరూ కష్టాలే చెప్తున్నారు కాబట్టి పేషెంట్ తరఫు మనిషిగా నేనూ ఒక మాట చెప్తాను. మా అమ్మ కాలు విరిగి ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో ఉన్నప్పుడు స్ట్రెచర్ తోసినందుకు డబ్బులు, బెడ్‌పాన్ పెట్టినందుకు డబ్బులు. ఇవ్వకపోతే రెండు గంటలు రారు. పక్క మంచం మీద ములుగు నుంచి వచ్చిన ముసలామెకి ఎవరూ లేరు, ఆమె బట్టలు తడిసే ఉండేవి. జీతం తక్కువంటే సర్కారును అడగాలి, కాంట్రాక్టర్‌ను అడగాలి. నన్ను అడగడం ఏమిటి? ములుగు ముసలామెను అడగడం ఏమిటి?

సరోజక్క, హైదరాబాద్:
వేణన్నా, మీరన్నది తప్పని నేను అనను. పేదోళ్ళ కాడ గుంజుడు తప్పే. తడిబట్టల మీద మనిషిని వదిలేసుడు ఇంకా పెద్ద తప్పు. మా ఆయమ్మలల్ల అట్లాంటోళ్ళు లేరని నేను ఒట్టు పెట్టలేను.

కానీ ఇది ఎట్ల మొదలైతదో చెప్త. చేరినప్పుడే సూపర్‌వైజర్ అంటడు, ‘జీతం తక్కువనే, పైన నీకు దొరుకుతయి గదా’ అని. ఎక్కువ పైసలు అచ్చే వార్డు కావాల్నంటే, కాన్పుల వార్డు అసొంటిది, దానికి వాడికి వాటా ఇయ్యాలె. ఇయ్యనోళ్ళను కాలిన గాయాల వార్డుల ఏస్తడు. జీతం రెండు మూడు నెలలు రాదు. ఇంటి కిరాయి ఆగదు. మొగపిల్లగాడు పుట్టిండని ఎవరో సంతోషంతోని ఇచ్చిన పైసలు మొదటిసారి తీసుకుంటం, తర్వాత చెయ్యి అదే సాగుతది. పేషెంటోళ్ళు మా మొఖం చూసేటప్పుడు ముందుగాల పైసలే యాదికొస్తయి. నేను చేసిన పని వాళ్ళకు కనవడది. నాకు అన్నిటికన్న బాధ అదే.

లెక్కల రాంబాబు, విశాఖపట్నం:
వేణు గారి ప్రశ్నకి జవాబు డబ్బు నడిచే దారిలో ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2022లో ఆస్పత్రుల పారిశుధ్య కాంట్రాక్టులకి పడకకి నెలకి ఇచ్చేది 5,000 నుంచి 7,500కి పెంచింది. పారిశుధ్యం, పేషెంట్ కేర్, సెక్యూరిటీ మూడింటినీ ఒకే కాంట్రాక్టు కిందికి తెచ్చింది. పడక లెక్కన డబ్బిస్తే, ఆ పడకకి ఎంత తక్కువమంది మనుషులని పెడితే కాంట్రాక్టర్‌కి అంత మిగులు. హాజరు పట్టీలో ఉన్న పేర్లకీ వార్డులో కనిపించే మనుషులకీ పొంతన లేదని కార్మికులు ధర్నాల్లో అడుగుతూనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలైలో ఔట్‌సోర్సింగ్ కార్పొరేషన్, అదే ఆప్కాస్ పెట్టాక దాని కిందికి వచ్చినవాళ్ళకి జీతం నేరుగా ఖాతాలో పడటం మొదలైంది, దళారీ వాటా పోయింది. అది చిన్న మేలు కాదు. అయినా వాళ్ళు పర్మనెంట్ కాలేదు. ఆస్పత్రుల్లో ఎంఎన్ఓ, ఎఫ్ఎన్ఓ (మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు) అని ఒకప్పుడు పర్మనెంట్ పోస్టులు ఉండేవి. వాటిలో ఉన్నవాళ్ళు రిటైరవుతుంటే ఆ ఖాళీల్లోకి కాంట్రాక్టు మనుషులే వస్తున్నారు.

హన్మకొండ వేణు:
లెక్క అర్థమైంది. కాంట్రాక్టర్ మీద కోపం నాకూ ఉంది. కానీ ముసలామె రాత్రంతా తడిలో ఉండటానికి ఆ లెక్క నాకు సమాధానం కాదు రాంబాబు గారూ. డబ్బు అడిగితే ఫిర్యాదు చేయడానికి ప్రతి వార్డు గోడ మీద ఒక నంబర్ ఉండాలి, జీతం రాకపోతే ఫిర్యాదు చేయడానికి దాని పక్కనే ఇంకో నంబర్ ఉండాలి. రెండూ కావాలి.

గోదారి కృప, కూకట్‌పల్లి:
నేను హోమ్ కేర్ చేస్తానండి. ఆస్పత్రి పని కుదరకపోతే ఏజెన్సీ వాళ్ళు ఇళ్ళకి పంపుతారు, కాబట్టి అది కూడా తెలుసుకోండి. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అంటే నిజంగానే ఇరవై నాలుగు గంటలు. మతిమరుపు జబ్బున్న పెద్దాయన రాత్రి పది సార్లు లేస్తారు, ఆయనతో పాటు నేనూ లేవాలి. పగలు ఆయన పడుకున్నప్పుడు నేను పడుకుంటే ఇంటావిడ ‘పడుకోవడానికా వచ్చావు’ అంటారు. కాసేపటికి గిన్నెలు, ఆ తర్వాత బట్టలు, తర్వాత కూరలు తరగడం. ఒప్పందంలో పేషెంట్ పని ఒక్కటే అని రాయించుకోవాలండి. రోజుకి వరసగా ఎన్ని గంటలు నిద్రకి ఇస్తారో అది కూడా.

ఇంటివాళ్ళు ఏజెన్సీకి ఎంత కడుతున్నారో మాకు చెప్పరు. ఒక ఇంట్లో అమ్మగారే మాటల్లో చెబితే తెలిసింది, వాళ్ళు 30,000 కడుతుంటే నాకు 18,000 ఇస్తున్నారని.

ఇంకోటి చెప్పాలి. పెద్దావిడకి మలం ఎత్తి, స్నానం చేయించి, జడ వేసి, అన్నం కలిపి నోట్లో పెట్టేది నేనే. నాకు మాత్రం వేరే కంచం, వేరే గ్లాసు, బాల్కనీలో చాప. ముందు మీ ఊరు ఏది అంటారు, తర్వాత ఇంటి పేరు అడుగుతారు, ఆ తర్వాత గ్లాసు మారుతుంది. అన్ని ఇళ్ళూ అలా ఉండవండి. ఇప్పుడున్న ఇంట్లో వాళ్ళతో పాటే టేబుల్ దగ్గర తింటాను, పెద్దావిడకి నేను పక్కన కూర్చోకపోతే ముద్ద దిగదు. అలాంటి ఇల్లు దొరికితే జీతం కాస్త తక్కువైనా వదలబుద్ధి కాదు.

ఇంట్లో మగవాళ్ళు చెడ్డగా ప్రవర్తిస్తే బయటికి వచ్చేయమనండి, ఏజెన్సీ సర్దుకోమన్నా వినొద్దు. పని చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం ఇళ్ళలో పని చేసేవాళ్ళ ఫిర్యాదులు తీసుకోవడానికి జిల్లాకో లోకల్ కమిటీ ఉంటుంది.

ఫిజియో ప్రసాద్, రాజమండ్రి:
చిన్న మాట. పక్షవాతం పేషెంట్‌ని లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగకూడదు. భుజం కీలు జారిపోతుంది, తర్వాత నెలల తరబడి నొప్పి. నా దగ్గరికి వచ్చే భుజం నొప్పుల్లో చాలా వాటికి కారణం అదే. పేషెంట్ కింద దుప్పటి మడత పరిచి దాన్ని పట్టుకుని తిప్పాలి. మంచం నడుము ఎత్తుకి పెంచుకోవాలి, మోకాళ్ళు వంచాలి గానీ నడుము వంచకూడదు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, మడమల కింద చెయ్యి పెట్టి చూడాలి. ఈ పది నిమిషాల పాఠం చేరిన రోజే చెప్పే ఆస్పత్రి ఉంటే అక్కడ చేరమనండి. ఆయమ్మలే నడుం నొప్పితో నా దగ్గరికి పేషెంట్లుగా వస్తున్నారు, నలభై దాటకుండానే.

డాలస్ లక్ష్మి:
ఇక్కడ అమెరికాలో నేను వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఇదే పని చేస్తాను. 1987లో వచ్చిన కేంద్ర చట్టం వల్ల కనీసం 75 గంటల శిక్షణ, పరీక్ష పాసవ్వడం తప్పనిసరి. మా టెక్సాస్‌లో 100 గంటలు. ఏటా 12 గంటలు మళ్ళీ నేర్పిస్తారు. రాష్ట్రం దగ్గర మా పేర్ల పట్టిక ఉంటుంది. పేషెంట్‌ని కొట్టినట్టు, దొంగతనం చేసినట్టు తేలితే అందులో ఎక్కుతుంది, ఇంకో నర్సింగ్ హోమ్‌లో చేరలేం. బరువు ఎత్తడానికి లిఫ్ట్ మెషీన్ ఉంటుంది. ఇవన్నీ మనవాళ్ళకీ కావాలని నాకు ఎంతో ఉంది.

అలాగని ఇక్కడ స్వర్గం అనుకోకండి. ఒక్కొక్కరికి ఎంతమందిని అప్పగించాలన్నది ఇక్కడా కొట్లాటే. ఒక్కో వృద్ధుడికి రోజుకి కనీసం 2.45 గంటలు మాలాంటివాళ్ళ సమయం దక్కాలని 2024లో కేంద్రం నిబంధన తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో మా టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టే దాన్ని కొట్టేసింది. మనుషులు తక్కువైన రోజున ఎవరికి స్నానం ఆపాలో నేను ఎంచుకోవాల్సి వస్తోంది. ఇంటికొచ్చాక కూడా ఆ ముఖాలే గుర్తొస్తాయి.

జగిత్యాల మల్లన్న:
నేను ఇజ్రాయెల్‌ల ముసలాయనను చూసుకుంట. మా జగిత్యాల, నిజామాబాద్ దిక్కు మొగోళ్ళు చాన మంది ఈ పనిలనే ఉన్నరు. వారానికోసారి కనీసం 25 గంటలు సెలవు ఇయ్యాల్నని ఇక్కడి చట్టం. మామూలుగ 63 నెలల దాక ఉండనిస్తరు. కానీ ఏజెంట్లకు లక్షలల్ల అప్పు చేసి వచ్చినోళ్ళున్నరు, ఆ అప్పు తీరేదాక సెలవు నాడు కూడ వేరే పని చూసుకుంటున్నరు. సైరన్ మోగినప్పుడు నడవలేని ముసలాయనను ఎత్తుకొని షెల్టర్‌కు ఉరుకుడు కూడ ఈ పనిలనే ఉంటది. శ్రీనన్నా, ముందు పైసలు అడిగినోడు ఏ దేశంలైన అంతే. సరోజక్క మాట ఇనుండ్రి.

పల్నాటి శ్రీను:
అందరికీ దండాలు. మీరు చెప్పినవి వదినకి చదివి వినిపించాను. ఏజెన్సీకి ఫోన్ చేసి డబ్బు కట్టం, ఒరిజినల్ ఇవ్వం, నియామక పత్రం కావాలి, ఈఎస్ఐ నంబర్ ఎప్పుడిస్తారు అని అడిగాం. డబ్బు వద్దులే అన్నాడు, సర్టిఫికెట్ జిరాక్స్‌కి ఒప్పుకున్నాడు. నియామక పత్రం మూడు నెలల తర్వాత అంటున్నాడు. ఈఎస్ఐ కూడా అప్పుడేనంట. ఏం చేయమంటారు? ఇంకొకటి, ఈ పనిలో ఎన్నేళ్ళు చేసినా నర్సు కావడానికి దారి ఉంటుందా? వదిన అడగమంది. ఆమెకి 31.

లెక్కల రాంబాబు, విశాఖపట్నం:
మూడు నెలల తర్వాత అనేది కుదరదు. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ చేరిన మొదటి రోజు నుంచే. ఆ మూడు నెలల్లోనే నడుం పట్టేసినా, సూది గుచ్చుకున్నా ఆమె ఎక్కడికి పోవాలి? ఏజెన్సీని వదిలేసి ఆమెను తీసుకుని నేరుగా ఆస్పత్రి హెచ్ఆర్ ఆఫీసుకి వెళ్ళి ‘ప్రధాన యజమాని మీరే కదా, ఈఎస్ఐ కట్టే బాధ్యత చివరికి మీదే కదా’ అని అడగండి. జవాబు చెప్పకపోతే అక్కడ చేరొద్దు. ఈ పనికి మనుషులు దొరక్క ఆస్పత్రులే వెతుక్కుంటున్నాయి, ఆమెకి ఇంకోచోట దొరుకుతుంది.

సరోజక్క, హైదరాబాద్:
హెచ్ఆర్ కాడికి పోయేముందు పొద్దుగాల ఎనిమిదింటికి ఆ ఆస్పత్రి వెనక గేటు కాడ నిలవడుండ్రి. డ్యూటీ దిగి వచ్చే ఆయమ్మలను అడుగుండ్రి, పోయిన నెల జీతం ఏ తారీఖున పడ్డదని. వాళ్ళు చెప్పేదే నిజం.

కృష్ణాతీరం సిస్టర్:
నర్సు విషయం. వార్డులో ఎన్నేళ్ళు చేసినా ఆ అనుభవాన్ని నర్సింగ్ కోర్సుల్లో లెక్కలోకి తీసుకోరు. నాకు ఈ వ్యవస్థ మీద ఉన్న పెద్ద కోపం ఇదే. పేషెంట్ ముఖం చూసి ‘ఈయన రాత్రికి తేడా చేస్తాడు సిస్టర్’ అని మాకంటే ముందు చెప్పగలిగే ఆయమ్మలు నాకు తెలుసు. వాళ్ళు అలాగే రిటైరవుతారు, రిటైర్మెంట్ అనేది ఉంటే. మీ వదినకి దారి ఒక్కటే, ఇంటర్ పూర్తి చేయాలి. ఓపెన్ స్కూల్‌లో కట్టవచ్చు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) కోర్సుకి 35 ఏళ్ళ వయోపరిమితి ఉంది, కోర్సు మూడేళ్ళు. ఇంటర్ ఈ ఏడాదే మొదలుపెడితే అందుకోగలదు, ఆగితే దాటిపోతుంది. పిల్లల చదువు, ఆమె చదువు రెండూ ఒకేసారి ఎలా అన్నది ఇంట్లో మీరంతా కూర్చుని తేల్చుకోవాలి.

హెపటైటిస్ బి టీకా మాత్రం ఉద్యోగం ఖాయమయ్యేదాకా ఆగకుండా ఈ వారమే మొదటి డోసు నరసరావుపేటలో వేయించండి. రెండోది నెలకి, మూడోది ఆరు నెలలకి. ధనుర్వాతం టీకా కూడా. చీటీలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టండి, చేరేటప్పుడు హెచ్ఆర్‌కి చూపించి మిగతా డోసులు వాళ్ళ ఖర్చుతో వేయించమని అడగండి.